పప్పు ఉడికే నీళ్ళు

గోదారికి పెద్ద వరద వచ్చిన ఏడు కాక, నాలుగో ఏడు ఎండాకాలం. మంచిర్యాలలో నస్పూర్ రోడ్డు మీద బాలకిషన్‌రావు దొర షెడ్డులో నేను మిస్త్రీని. లారీలు, జీపులు బాగుచేసేవాణ్ణి. ఆ ఏడు దొర ఒక ఫారిన్ కారు కొన్నాడు. గనుల్లో పని ముగించుకుని సొంత దేశం వెళ్ళిపోతున్న ఇంజనీరు అమ్మిన కారు. దానికి టర్బో ఉంది.

టర్బో గాలిని అదిమి ఇంజన్‌లోకి తోస్తుంది. అదిమిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడి తీయడానికి ఇంటర్‌కూలర్ అనే జాలీ ఉంటుంది. డిక్కీలో ఒక ట్యాంకు, చిన్న మోటరు. బటన్ నొక్కితే సన్నని నాజిల్‌లోంచి జాలీ మీద నీళ్ళు చిమ్ముతాయి. కూజాకు తడిబట్ట చుట్టినట్టే.

నేను షెడ్డు బోరు నీళ్ళు పోశాను. నాలుగు రోజులకే నాజిల్ పూడిపోయింది. జాలీ నిండా తెల్లపొర.

"ఏందిర మొగిలీ, కారుకు ఇభూతి పెట్టినవా?" అన్నాడు దొర. "ఇరవై ఐదు నాడు ఆదిలాబాద్ పోవాలె. పక్కన మా బావమరిది కూసుంటడు. నిర్మల్ ఘాట్ మీద బండి గుంజకపోతే నా ఇజ్జత్ పోతది."

మధ్యాహ్నం అన్నానికి గని కాలనీలో సారయ్య క్వార్టర్‌కు పోయేవాణ్ణి. సారయ్య గనిలో బొగ్గు నింపేవాడు. భార్య పోచవ్వ, కూతురు అనసూర్య కలిసి ఒంటరిగా ఉండే కార్మికులు పదిమందికి వండిపెట్టేవారు. నేను మూడేళ్ళుగా అక్కడే తింటున్నాను.

మొదటి రోజే మర్యాదకని సారయ్యను "కాకా" అన్నాను. అదే నేను చేసిన తప్పు. కాకా అంటే చిన్నాన్న, ఆయన కూతురు చెల్లెలవుతుంది. "మామా" అని ఉంటే ఏ తంటా ఉండేది కాదు. కాలనీలో చుట్టరికం లేకపోయినా అందరూ వరుస పెట్టే పిలుచుకుంటారు. ఒకసారి పెట్టిన వరుస మార్చడం ఊరికే అయ్యే పని కాదు. అందులోనూ నాకు మాట తక్కువ.

ఆ నెలాఖరుకు సారయ్య రిటైరవుతున్నాడు. క్వార్టర్ ఖాళీ చేసి సొంతూరు చొప్పదండి పోతారు.

"ఏమైంది మిస్త్రీ? బువ్వ పిసుకుతున్నవ్ గని తింటలేవు," అంది అనసూర్య.

"నాజిల్ పూడింది."

"ఎవరిది?"

"కారుది."

"గదా! కారుకు పడిశం పట్టిందా?" అని నవ్వింది. "ఇగ ఏం జేస్తవ్?"

"స్పిరిట్ పోస్తా."

"దవాఖాన్ల సూది ముంగట రుద్దుతరు, గదేనా? చల్లగుంటది. మరి అగ్గంటుకోదా?"

"అంటుకుంటది."

"మీ దొర చేతుల సిగరెట్ ఆరదు. కారుకు కారు, దొరకు దొర, రెండూ కాలుతయ్. మంచిగనే ఉంది."

"బ్యాటరీ నీళ్ళు పోస్తా."

"పొయ్యి మరి."

"ట్యాంకు బిందెడుంటది. సీసాలు గింతంత. ఘాట్ ఎక్కేటాళ్ళకు రెండుసార్లు నింపాలె. గన్ని సీసాలు మంచిర్యాల మొత్తంల దొరకవు."

"అవ్వా, ఇటు రావే! మిస్త్రీ ఒక్కపారే ఎన్ని మాటలు మాట్లాడిండో సూడు! ఇయ్యాల వాన పడ్తది!"

నేను తల వంచుకుని ముద్ద పెట్టుకున్నాను. ఆమె ఎదురుగా కూర్చుంది.

"బోరు నీళ్ళల్ల పప్పు ఉడకదు. నీకెరుక లేదా?"

"కారుల పప్పు వండుతలేను."

"అబ్బో, తెలివి! పప్పును ఉడకనియ్యని నీళ్ళు గిన్నెకు పొర గడ్తయ్. తోమలేక నా చేతులు పోతున్నయ్. గిన్నెకు కట్టినయి నీ జాలీకి కట్టయా?"

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. మూడేళ్ళు ఆ గిన్నెల్లో వండిన అన్నమే తింటూ నేను చూడలేదు.

"రేపు మూడు పొయ్యిలు పెడ్త," అంది. "బోరు నీళ్ళు, కాలనీ బాయి నీళ్ళు, గోదారి నీళ్ళు. ఏ నీళ్ళల్ల పప్పు ముందుగాల మెత్తబడితే గవి పోసుకో. గోదారికి నేనొస్త. ఏడ ముంచాలెనో నీకెరుక గాదు."

వద్దంటుందేమోనని పోచవ్వ వైపు చూశాను.

"పో బిడ్డా. అన్న అసుంటోడే గదా," అంది పోచవ్వ.

ఒప్పుకున్నందుకు సంతోషపడాలో, ఒప్పుకున్న కారణానికి ఏడవాలో తెలియలేదు.

పొద్దున్నే బయలుదేరాం. మధ్యలో సైకిల్, దాని వెనక క్యాను. ఇటు నేను, అటు ఆమె.

"మిస్త్రీ, రాఖీ పున్నానికి చొప్పదండి వస్తవా? కడ్త."

నేను జారుతున్న క్యాను సరిచేశాను.

"ఏ రంగుది గావాలె?"

"వద్దు."

"రంగు వద్దా, రాఖీ వద్దా?"

"రాఖీ."

ఆమె నడక నెమ్మదించింది.

"మరి మా బాపును కాకా అని ఎందుకన్నవ్?"

"ఎరుక లేక."

"మూడేండ్ల సంది ఎరుక గాలేదా?"

"ఎరుకైనంక నోరు రాలే."

"నాతోని అంటే ఏమొస్తది? బాపుతోని అను," అంది. చెవుల దాకా ఎర్రబడింది. ఎండ ఇంకా రాలేదు.

ఒడ్డున పాకుడు నీళ్ళు వదిలేసి పాయ నడుమకు పోయింది. కొంగు నాలుగు మడతలు చేసి క్యాను మూతికి కట్టి వడపోసింది. కొంగు తడిసింది. నేను అవతలి ఒడ్డు చూశాను.

"ఆడ ఏముంది?"

"ఇసుక."

"ఈడ లేదా ఇసుక?" అని ఇన్ని నీళ్ళు నా మొహాన చల్లింది.

ఆ మధ్యాహ్నం మూడు పొయ్యిల మీద మూడు పప్పులు. గోదారి నీళ్ళలో పప్పు వేలితో అదిమితే వెన్నలా నలిగింది. బాయి పప్పు ఇంకా నలగలేదు. బోరు పప్పు పళ్ళకు తగిలింది. తినేవాళ్ళు గొడవ పెట్టారు.

"మూడు తీర్ల పప్పేందవ్వా? పెండ్లి బువ్వనా?"

"పరీక్ష. మీరు తిన్నదాన్ని బట్టి కారు నడుస్తది," అంది అనసూర్య.

నేను స్టీలు పళ్ళెంలో మూడు చుక్కలు వేసి ఎండలో ఆరబెట్టాను. బోరు చుక్క తెల్లమచ్చ వదిలింది. గోదారి చుక్క జాడ కంటికి ఆనీ ఆననట్టు ఉంది. బ్యాటరీ నీళ్ళంత శుద్ధం కాదు. అయినా పోసుకోవచ్చు. తిరిగొచ్చాక ఒక్క సీసా బ్యాటరీ నీళ్ళతో నాజిల్ కడిగితే చాలు.

ఇరవై ఐదున దొర నన్నూ వెంట తీసుకుపోయాడు. ఘాట్ మొదలు కాగానే వెనక సీట్లోంచి చెయ్యి చాచి బటన్ నొక్కాను. జాలీ మీద నీళ్ళు పొగమంచులా చిమ్మాయి. మండే ఎండలో కారు మూలమలుపులన్నీ ఆగకుండా ఎక్కింది. బావమరిది కిటికీ పట్టుకుని దేవుళ్ళను తలుచుకున్నాడు. తిరిగొచ్చి చూస్తే నాజిల్ రంధ్రం శుభ్రంగా ఉంది.

"ఏం పోసినవ్‌ర?" అన్నాడు దొర.

"అనసూర్య ఎంచిన నీళ్ళు."

"అనసూర్య నీకేమైతది?"

నేను గుడ్డ తీసుకుని కారు తుడవసాగాను. దొర నన్ను ఎగాదిగా చూసి, "జల్ది తెలుసుకో," అని లోపలికి పోయాడు.

నెలాఖరుకు రెండు రోజుల ముందు సాయంత్రం సారయ్య సామాను బయట పెడుతున్నాడు. నన్ను చూసి, "మొగిలీ, గీ మంచం జర పట్టు," అన్నాడు.

"పట్టుకుంట, మామా."

మంచం రెండో కొస కిందపడింది. లోపల అనసూర్య చేతిలోంచి ఏదో గిన్నె జారి దొర్లింది.

"ఏమన్నవ్?" అన్నాడు సారయ్య.

"మామా అన్న."

"మూడేండ్ల సంది కాకా అని, లారీ వచ్చే ముంగట మామనా?"

"ముందుగాల అన్నది తప్పు. నీ బిడ్డను చేసుకుంట. నువ్వు ఇస్తనంటేనే."

సారయ్య పోచవ్వను చూశాడు. పోచవ్వ లోపలికి చూసింది. గుమ్మం దగ్గర అనసూర్య నిలబడి ఉంది.

"నీళ్ళెంచుటానికి మూడు పొయ్యిలు, మాటెంచుటానికి మూడేండ్లు," అంది. "ఈయనను ఇంకెవరు జేసుకుంటరు బాపూ, నేనే జేసుకోవాలె."

పోచవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సారయ్య మంచం మీద కూలబడి చాలాసేపు నవ్వాడు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు.

"ఒక్కనివొచ్చి అడిగితే గాదు. మీ అవ్వ అడగాలె. ఎల్లుండి లారీ వస్తది. గంతలోపట తోల్కరా."

తెల్లవారి మొదటి బస్సుకు మా ఊరు ఖానాపూర్ పోయాను. అవ్వ చేనులో పత్తికట్టె పీకుతోంది. చీరైనా మార్చుకోనీయకుండా బస్సెక్కించాను.