రెండు కన్నాల రాయి

కనకాంగి కొమ్ము మీద నుంచి తాడు వేసుకుని తేనెపట్టు కోసం దిగిన సోమదొరకు ఆ రోజు తేనెతో పాటు ఒక గుహ నోరు కూడా దొరికింది. తొంగిచూస్తే లోపల మనుషులు తొలిచిన మెట్లు!

కనకాంగి కొమ్మును చూడని కళ్ళు కళ్ళే కావు. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఎర్రని కొండ అది. పొద్దు పొడిచేవేళ కుంకుమ రాశి పోసినట్టుంటుంది. కింద కెరటాలు తాటిచెట్టెత్తు లేచి విరుగుతుంటే ఎంతసేపు చూసినా తనివి తీరదు. కొండమీది కోటలో పుట్టిన కనకాంగి పడవ నడిపే పేరయ్యను వలచిందట. భటులు తరిమితే ఇద్దరూ చేతులు పట్టుకుని అక్కణ్ణుంచే దూకేశారట. ఆ కథ విని కళ్ళు తుడుచుకోని ఇల్లు ఆ తీరంలో లేదు. ఆమె నగలు ఆ కొండ కడుపులోనే ఉన్నాయని కూడా అంటారు.

ఆ కథే సోమదొర పెళ్ళికి అడ్డు తగిలింది. అతనిది కొండమీది ఊరు. అతను మనసిచ్చిన పోలేశ్వరిది సముద్రంలో చేపల వేట మీద బతికే ఇల్లు. ఆమె తండ్రి ఎర్రయ్యది ఒకటే మాట.

"కొండోలకీ కడలోలకీ మనువు కుదిరితే ఏటవుద్దో ఆ కొమ్మునే అడగండి."

"అయితే దొర సూసిన గుహలోకి దిగి అడిగేసొత్తాం," అంది పోలేశ్వరి. పట్టు పడితే విడిచే పిల్ల కాదు.

"సరే. కింద నేను పడవేసుకునుంటాను. వొట్టి సేతుల్తో వొత్తే మాత్రం ఈ ఊసు మల్లీ ఎత్తకూడదు."

మర్నాడు పొద్దున్నే, నీళ్ళు తీసే పాటు వేళకి, ఎర్రయ్య కొమ్ము కింద లంగరు రాయి జారవిడిచాడు. ఊరందరి లంగరు రాళ్ళకూ తాడు కట్టే కన్నం ఒకటే. మూడు తరాల కిందట దక్షిణాది నుంచి వచ్చిన ఎర్రయ్య ఇంటివాళ్ళు మాత్రం రెండు కన్నాలు తొలుస్తారు. ఎందుకని అడిగితే, మా తాతలు తొలిచారు కాబట్టి అంటారు.

పైన సోమదొర పచ్చాకుల పొగతో తేనెటీగల్ని తోలాడు. చెవుల బంగారు పోగులు ఎండకు మెరుస్తుండగా తాడు పట్టుకుని జర్రున జారాడు. వెనకే పోలేశ్వరి! ఇద్దరూ గుహలో దూరి, పాకుడు మెట్ల మీద కాలి వేళ్ళు బిగబట్టి దిగారు. మెట్లు తిరిగి తిరిగి ఒక ఇసుక గదిలో ఆగాయి. ఎదుట సముద్రంలోకి తెరిచిన రాతి కమాను. దాని కింది నీళ్ళ పచ్చని వెలుగు గది కప్పంతా ఆడుతోంది. అంత అందం చూసి ఇద్దరూ వచ్చిన పనే మరిచిపోయారు.

"దొరా! అటు సూడు!"

రాతి అరుగు మీద బంగారం! వడ్డాణం, వంకీలు, కాసులపేరు, అన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. కంగారులో పారేసినవి కావు, నెమ్మదిగా ఒక్కొక్కటే విప్పి పెట్టినవి. అరుగు కింద ఇసుకలో సగం కూరుకుపోయిన రాయి ఒకటి. పోలేశ్వరి చేత్తో ఇసుక తోసింది. రెండు కన్నాలు!

ఆమె రాయి మీంచి నగలకేసి తిరిగింది. "మా ఇంటికొచ్చే కొత్త కోడలు మొదటిసారి పడవెక్కేటప్పుడు వొంటిమీద పిసరు బంగారం ఉండకూడదు, దొరా. ఎందుకో మా అవ్వకీ తెలీదు. ఈవిడ... ఈవిడ సావలేదు! నగలిక్కడెట్టేసి పడవెక్కేసింది! లంగరు లాగే టైము నేక తాడు కోసేసుకుని దచ్చినానికి ఎల్లిపోయినారు!"

అంతలో ఒక కెరటం కమాను దూరి నడుముల దాకా తడిపింది. పోటు మొదలైంది. సోమదొర మెట్లెక్కి చూసి పరుగున వెనక్కి వచ్చాడు.

"పొగారిపోయింది! ఈగలు దారంతా మూసేసినాయి! ఇటే ఎల్లాల! నగలు మూట కట్టు, బేగి!"

"నగలొద్దు. ఆవిడే వొద్దనుకుంది. రాయట్టు!"

వాళ్ళ ప్రాణాలు కాపాడింది ఆ రాయే. దాన్ని చెరోపక్క పట్టుకుని కమాను కింద మునిగారు. కెరటం వచ్చి గోడకేసి కొట్టబోయినప్పుడల్లా దాని బరువే వాళ్ళను నేలకు అదిమిపెట్టింది. వెనక్కి తీసినప్పుడల్లా నాలుగడుగులు వేశారు. ఊపిరి ఆగిపోతుందనగా తలమీద ఎండ తగిలింది.

"తాడట్టుకోండ్రా!" ఎర్రయ్య కేక.

ముందు రాయి పడవలోకి చేరింది, తర్వాత పోలేశ్వరి. రొప్పుతూనే అంతా చెప్పింది. ఎర్రయ్య ఆ రెండు కన్నాల్లో వేళ్ళు పెట్టి తడిమాడు. ముసలివాడి కళ్ళు నిండాయి.

సోమదొర పడవ అంచు పట్టుకుని పైకి లేవబోయాడు. ఎర్రయ్య అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు బాబూ. మా ఇంట కొత్తగా అడుగెట్టే మనిసి బంగారంతోటి పడవెక్కకూడదు. సెవులకి అయ్యేటి?"

సోమదొర క్షణం తెల్లబోయి చూశాడు. తర్వాత నవ్వుతూ పోగులు రెండూ తీసి నీళ్ళలో విడిచేశాడు.

ఎర్రయ్య చెయ్యి చాపాడు. "బేగెక్కు మరి. పోటొచ్చేత్తంది."