ఒక్క డిగ్రీ ఒరిగిన చారలు

పొద్దున్నే కాఫీ గ్లాసుతో హాల్లోకి వచ్చిన నాన్న, కూతురి భుజం మీదుగా లాప్‌టాప్‌లోకి తొంగిచూశాడు. ఇళ్ళకు రంగులు వేయడం ఆయన పని. గోడ మీద చారలు తీర్చడానికి ఆయన పెట్టింది పేరు. ఈమధ్య కుడిచేయి వణుకుతోంది. అది ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరికీ తెలియదన్నట్టు తిరిగేది ఆయనొక్కడే. చేత్తో వేయకపోయినా దగ్గరుండి వేయిస్తాడు కదా అని కూతురు ఆయన పని కోసం ఒక వెబ్ పేజీ తయారుచేస్తోంది.

“వెనకాల ఆ చారలు ఫోటోనా?”

“కాదు నాన్నా, నేనే కోడ్ రాసి వేయించాను. నీలం మెల్లగా తెలుపులోకి మారాలని రాస్తే రెండూ కలిసిపోతాయి. నీలం ఆగిన చోటే తెలుపు మొదలవ్వాలని రాస్తే గీత పడుతుంది. దాన్నే మళ్ళీ మళ్ళీ వేయమంటే పేజీ నిండా చారలే.”

“గీత తిన్నగా రావడానికి టేపు అంటించే బాధే లేదన్నమాట!” అని మురిసిపోయాడు. అంతలోనే ముఖం మారింది. “ఇవి ఒరిగాయేంటి?”

“ఒక్క డిగ్రీ. కావాలనే ఒరిగించాను.”

గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టాడు. “నా చేయి వణుకుతోందని లోకమంతా చాటాలా? తీసెయ్ ఆ పేజీ. నా కుంచెలు కూడా ఎవరికైనా ఇచ్చేస్తాను.”

ఆ కేకకి వంటింట్లోంచి అమ్మ పరుగున వచ్చింది. కూతురికీ రోషం తన్నుకొచ్చింది. తండ్రి పోలికే మరి. ఆయన చేయి పట్టుకుని తన గదిలోకి లాక్కెళ్ళింది.

గోడ మీద వెలిసిపోయిన నీలం, తెలుపు చారలు. అన్నీ తిన్నగా వచ్చి, కిటికీ దగ్గర మాత్రం కాస్త పక్కకు ఒరిగాయి.

“పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఇవే చూస్తూ పడుకున్నాను. తిన్నగా పెడితే నీవి అనిపించలేదు నాన్నా. నీ చేయి సంగతి నాకు తట్టనేలేదు,” అంటూ ఏడ్చేసింది.

ఆయన గోడ తడిమాడు. కోపమంతా కరిగిపోయింది.

“ఆ రోజు నీకు జ్వరం. కింద దించితే ఒకటే ఏడుపు. చంకలో నువ్వు, చేతిలో కుంచె. ఇక గీత తిన్నగా ఎలా వస్తుంది? తర్వాత సరిచేద్దామనుకున్నాను, మనసొప్పలేదు.”

“పేజీలో సరిచేసెయ్యనా? సున్నా పెడితే చాలు.”

“వద్దు, అలాగే ఉండనీ. ఎవరైనా అడిగితే, మా అమ్మాయి చంక దిగలేదని చెప్తాను.”

“ఇప్పుడు మాత్రం దిగిందా ఏంటి?” అంది అమ్మ గుమ్మంలో నిలబడి, కళ్ళొత్తుకుంటూ.