నీలం ఆకు

సబ్బుల కంపెనీ యజమానురాలు డిటెక్టివు ఆఫీసుకు వచ్చేసరికి, కేసుల వివరాలు రాసే రైటరు ఇంకా టీ తాగుతున్నాడు. డిటెక్టివును ఊరంతా డేగమ్మ అంటుంది. ఆమె కుర్చీ చూపించింది.

"ఆరు నెలలు కష్టపడి కొత్త వెబ్‌సైట్ చేయించాం. ఈరోజు పదకొండింటికి తెరవాలి. పొద్దున్నే చూస్తే పోటీ కంపెనీవాళ్ళు అచ్చం అదే పెట్టేశారు. మా డిజైనరే అమ్ముకుందని మా మరిది అంటున్నాడు. ఆ పిల్లను నమ్మానండీ. ఆమెను ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు ఉత్తరం కూడా రాయించాడు, నా సంతకమే తరువాయి."

డేగమ్మ పోటీవాళ్ళ సైటును ముందు కంప్యూటర్లో, తర్వాత ఫోనులో చూసింది. ఫోనులో అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. సబ్బు పేరు పక్కనున్న ఆకు నీలంగా ఉంది.

"మీ ఆకు ఏ రంగు?"

"లేత పచ్చ. ఆ రంగు కుదరడానికే మూడు వారాలు పట్టింది."

అరగంటలో డేగమ్మా రైటరూ కంపెనీలో ఉన్నారు. డిజైనర్ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "నేను ముందు ఫోనుకే డిజైన్ చేస్తానండీ, కొనేవాళ్ళంతా అక్కడే కదా. పెద్ద తెర తర్వాత." సైటుకు ఫోటోలు తీసిన ఫోటోగ్రాఫర్ తన దగ్గర సబ్బుల ఫోటోలు తప్ప పేజీలేవీ లేవన్నాడు. అది నిజమే.

మరిది గది గోడకు ధరల పట్టిక అంటించి ఉంది. బల్ల వెనక ప్రింటర్.

"మా కొత్త సైటు నేను చూడనే లేదు. తెర చూస్తే నాకు కళ్ళు లాగుతాయి. ఏదైనా కాగితం మీదుంటేనే చదువుతాను," అన్నాడు.

"ఈ ప్రింటర్ ఇంకెవరు వాడతారు?"

"ఎవరూ వాడరు. గది తాళం నా దగ్గరే ఉంటుంది."

రైటరు అన్నీ రాసుకున్నాడు గానీ ఒక్క ముక్కా బోధపడలేదు. పదకొండుకు పది నిమిషాలుండగా డేగమ్మ అందరినీ హాల్లో కూర్చోబెట్టింది.

"డిజైనర్ అమ్మివుంటే ఫోను పేజీలు కూడా వెళ్ళేవి. దొంగకు దొరికింది పెద్ద తెర రూపం ఒక్కటే, అదీ తప్పు రంగులో." మరిది గది నుంచి తెచ్చిన ధరల పట్టిక బల్లమీద పరిచింది. అందులోనూ ఆకు నీలమే. "ఇది అచ్చయిన ప్రింటర్లో పసుపు ఇంకు అయిపోయింది. పసుపు లేకపోతే పచ్చ నీలమైపోతుంది. పోటీవాళ్ళు కాపీ కొట్టింది ఆ ప్రింటర్లోంచి వచ్చిన కాగితాలనే."

మరిది తల దించుకున్నాడు. "సైటు వస్తే జనం నేరుగా కొంటారు. ఇరవై ఏళ్ళు దుకాణాల చుట్టూ తిరిగినవాణ్ణి, ఇక నాతో పనేముంటుంది వదినా?"

"ఆ మాట నన్నడగాల్సింది," అంది యజమానురాలు. ఆవిడకు కోపంకన్నా బాధే ఎక్కువైంది. ఉత్తరం నిలువునా చింపి డిజైనర్ వైపు తిరిగింది. "తెరువమ్మా. ఫోనులో చెదిరిపోయే సైటుకు భయపడి మనమెందుకు ఆగాలి?"

పదకొండింటికి అందరి ఫోన్లలోనూ సైటు తెరుచుకుంది. రైటరు డేగమ్మను చూసి మీసం చాటున నవ్వుకున్నాడు. మరిది ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మన ఆకు ఇంత పచ్చగా ఉందా వదినా?" అన్నాడు.