గోవర్ధనరావు జర్మనీ నుంచి తెచ్చుకున్న దెయ్యం

జర్మనీలో ఒక చిన్న ఊరుంది. ఆ ఊళ్ళో ఒక ఉప్పుగోడ ఉంది. చీకటి పడ్డాక ఆ గోడ పక్కన ఎవరూ నడవరు. నడిచినవాడి నాలిక మీద ఏదో వేలు పెడుతుంది. ఆ తర్వాత వాడు ఏం తాగినా ఉప్పగానే ఉంటుంది…

ఈ మాట గోవర్ధనరావు మా ఊళ్ళో చెప్పని గుమ్మం లేదు. నాగాయలంక దాటి సముద్రం వైపు వస్తే మా ఊరు. ఇక్కడ మాకు దెయ్యాలకేం కరువు? ఉప్పెనలో పోయినవాళ్ళే బోలెడుమంది. అయినా ఆయనకి మన దెయ్యాలు కంటికి ఆనలేదు. విమానం ఎక్కి వెళ్ళి మరీ ఒకదాన్ని తగిలించుకొచ్చాడు.

నేను చెప్పబోయేదాంట్లో కొంత ఆయన బావమరిది గిరిధర్ చెప్పింది, కొంత ఆయన భార్య సీతామహాలక్ష్మి చెప్పింది. ఆయన నోటితో చెప్పిందాంట్లో సగమే తీసుకున్నాను. ఆ మనిషి మాటల్లో సగం తీసుకోవడం కూడా ఎక్కువే.

తొంభైల్లో మా వైపు వరిచేలు రొయ్యల చెరువులైపోయాయి. మా ఊళ్ళో ఆ పని మొదలుపెట్టింది గోవర్ధనరావే. పాయలోంచి ఇంజన్లతో ఉప్పునీళ్ళు తోడి పొలాల్లో నిలబెట్టాడు. రొయ్య పెరిగింది. ఆయన మేడ పెరిగింది. మెడలో గొలుసు లావెక్కింది. ఆ ఉప్పు మెల్లగా భూమిలోకి దిగింది. పక్క చేలల్లో వరి ఎర్రబడి చచ్చింది. ఆ పైన ఊళ్ళో బావులు ఒకదాని తర్వాత ఒకటి ఉప్పెక్కాయి.

అడగడానికి వెళ్తే, వేసవిలో నీళ్ళు అలాగే ఉంటాయి, వానలు పడితే సర్దుకుంటాయి అని పంపించేవాడు. ఆయనకేం, ఆయన తాగే నీళ్ళు అవనిగడ్డ నుంచి ట్రాక్టరు మీద డ్రమ్ముల్లో వచ్చేవి. ఇంటి వెనక బావి ఉంది గానీ అది పనిమనిషి అంట్లు తోమడానికి. అందులో చుక్క నోట్లో పోసుకుని ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలీదు.

మా వీధి చివర మంగతాయారు పిన్ని ఉండేది. ముసలిది, ఒంటరిది. ఊళ్ళో ఇంక మంచినీళ్ళు మిగిలింది ఇసుకదిబ్బ మీది దైవాధీనం బావి ఒక్కదాంట్లోనే. అంతదూరం నడిచే ఓపిక లేక, ట్రాక్టరు వచ్చే వేళకి పిన్ని గోవర్ధనరావు గేటు ముందు బిందెతో నిలబడింది.

"ఒక్క బిందె, బాబూ…"

అంతే అంది. గట్టిగా కూడా అనలేదు. ఇవాళ నీకిస్తే రేపు ఊరంతా వరస కడుతుంది అని ఆయన తన చేత్తోనే గేటు వేసుకున్నాడు. ఆ వేళ అక్కడ ఉన్నది పిన్నీ, ఆయనా, దారిన పోతున్న నేనూ. పిన్ని చెరువుగట్టు కింద గుంటలో నీళ్ళు తాగింది. వాంతులు, విరేచనాలు. ఆ వేసవి దాటలేదు. ఆ గేటు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పుకుంటే కడుపు మండడం తప్ప ఏం ఒరుగుతుంది?

ఇదంతా చాలదన్నట్టు, ఆ ఏడు దైవాధీనం బావి ఉన్న దిబ్బ కిందే పొలం కౌలుకి తీసుకున్నాడు. పెద్ద చెరువు తవ్విస్తాడట. దిబ్బ కింద ఉప్పునీళ్ళు నిలిస్తే ఆ బావి ఎన్నాళ్ళుంటుంది? ఆ ఒక్కటీ పోతే మేమంతా ఊరు వదిలి పోవలసిందే. ఊరు మొత్తుకుంది. సీతామహాలక్ష్మి వదిన అన్నం మానేసి పడుకుంది. వ్యాపారం సంగతి ఆడవాళ్ళకెందుకు అని ఆయన సూట్‌కేసు సర్దుకున్నాడు. ఆ చెరువులో పండబోయే రొయ్యలకి జర్మనీలో బేరం కుదుర్చుకోవడానికి.

అక్కడ గిరిధర్ ఉన్నాడు. వదిన తమ్ముడు, గుడివాడ వాడు. ఏదో యంత్రాల ఫ్యాక్టరీలో పని, ఆ భాష బాగానే పట్టుబడింది. బేరం అయ్యాక గోవర్ధనరావు ఏదైనా చూపించవోయ్ అంటే, తానుండే చిన్న ఊరికి తీసుకెళ్ళాడు. ఊరి పేరు చెప్పాడు గానీ నాకు నోరు తిరగలేదు.

కొండ మీద పాడుబడిన కోట. కింద పాత వీధులు, దూలాలు గోడల్లోంచి బయటికి కనిపించే పాత ఇళ్ళు. ఊరి చివర ఉప్పు చేసే చోటు. ఎవరైనా అయితే నోరు తెరుచుకుని చూస్తారు. ఈయన మాత్రం, వీళ్ళకి సిమెంటు దొరకదా అని అడిగాడట. కోట చూసి, ఇదా కోట, దీనికంటే మా బందరు కోట నయం అన్నాడట. బందరు కోట పక్క నుంచి కారులో వందసార్లు వెళ్ళి ఒక్కసారి కూడా దిగని మనిషి.

చివరికి ఉప్పు దగ్గరకి వచ్చారు. అది మన బందరు వైపు ఉప్పుమడుల్లా నేల మీద పరుచుకుని ఉండదట. రెండంతస్తుల మేడంత ఎత్తున చెక్కల చట్రం, వీధి పొడుగునా. దాని నిండా ముళ్ళకంప దట్టంగా కూరి ఉంటుంది. పైనుంచి ఉప్పునీళ్ళు వదులుతారు. అవి ముళ్ళ మీద నుంచి బొట్టుబొట్టుగా కిందికి దిగుతూ గాలికి చిక్కబడతాయి. దాన్నే ఈయన ఉప్పుగోడ అన్నాడు.

నవంబరు నెల. మన దగ్గర పశువులు ఇళ్ళకి మళ్ళే వేళకి అక్కడ కటిక చీకటి. మంచు. మనిషి జాడ లేదు. గోడ పొడుగునా ఒకటే చప్పుడు… టప్… టప్… టప్…

గోడ మొదట్లో ఒక ముసలావిడ, చేతిలో తాళాలు, లాంతరు. వీళ్ళని ఆపింది. కోట వైపు వేలు చూపించి ఏదో చెప్పింది. గోడ వైపు చూపించి ఇంకా ఏదో చెప్పింది. తల అడ్డంగా ఊపింది.

"ఏంటంటుందిరా?"

గిరిధర్ గొంతు తగ్గించాడు.

"లోపలికి వద్దంటుంది బావా. ఆ కోట దొర ఉప్పు మీద ఆశతో ఊళ్ళో చేల మీదకి ఉప్పునీళ్ళు వదిలాడట. బావులన్నీ ఉప్పెక్కాయట. చివరికి ఆ దొర నోట్లో ఉప్పు పేరుకుని, గొంతు ఎండి చచ్చాడట. ఈ గోడ వెనకే ఉంటాడట. తనలాంటి పని చేసినవాడు వస్తే… నాలిక మీద వేలు పెడతాడట."

"పెట్టాడో లేదో తెలిసేదెట్లా?"

"ఇంటికెళ్ళగానే సొంత బావిలో నీళ్ళు తాగాలట. తియ్యగా ఉంటే ఏం లేదు. ఉప్పగా ఉంటే మాత్రం… అది వెంట వచ్చినట్టే."

గోవర్ధనరావు పెద్దగా నవ్వాడు. ఇలాంటివి దివిసీమలో చిన్నపిల్లలు కూడా నమ్మరు అన్నాడు. జేబులో చేతులు పెట్టుకుని, గొలుసు కోటు మీదకి లాక్కుని, ముసలావిడని దాటుకుని గోడ పక్కన దారికి పరిచిన చెక్కల మీద నడిచాడు. గిరిధర్ పక్కనే ఉన్నాడు.

సగం దూరం వెళ్ళారు. గాలి తిరిగింది. గోడ మీది తుంపర పొగలా వచ్చి మొహాన కొట్టింది. గోవర్ధనరావు పెదవి నాకి చూసుకున్నాడు.

ఉప్పు.

ఉప్పునీళ్ళ గోడ పక్కన నడిస్తే ఉప్పు కాక పంచదార తగులుతుందా? ఆ పాటి ఆలోచన కూడా ఆయనకి రాలేదు. ఉమ్మాడు. మళ్ళీ ఉప్పు. చేతిరుమాలుతో నాలిక తుడుచుకున్నాడు. మళ్ళీ ఉప్పే.

ఉన్నట్టుండి ఆగిపోయాడు. గోడ వైపు తల తిప్పి అలాగే నిలబడిపోయాడు.

"విన్నావా?" అన్నాడు నెమ్మదిగా.

"ఏం వినాలి బావా?"

వెనక్కి తిరిగాడు. మొదట నడక, తర్వాత పరుగు. నున్నటి బూట్లు ఆ తడి చెక్కల మీద జారి బోర్లాపడ్డాడు. లేచి మళ్ళీ పరుగెత్తాడు. ముసలావిడ లాంతరెత్తి చూస్తూ ఉండిపోయిందట.

ఆ తర్వాత ఆయన నోటికి అన్నీ ఉప్పే. ఒంటరిగా పంపలేక గిరిధర్ సెలవు పెట్టి వెంట వచ్చాడు. విమానంలో నీళ్ళు ఉప్పగా ఉన్నాయని నీళ్ళిచ్చిన పిల్లతో గొడవ. గన్నవరం దాటాక కారు ఆపించి కొబ్బరిబొండాం తాగాడు. అది కూడా ఉప్పగా ఉందన్నాడు. కొబ్బరినీళ్ళు కాస్త ఉప్పగానే ఉంటాయని చెప్పే ధైర్యం డ్రైవరుకి ఎక్కడిది?

ఇంటికొచ్చాడు. బూట్లు విప్పలేదు, భార్యని పలకరించలేదు. తిన్నగా పెరట్లోకి వెళ్ళి బావిలోంచి చేద లాగాడు. ఎన్నేళ్ళకో ఆ నీళ్ళు దోసిట పట్టి నోట్లో పోసుకున్నాడు.

వెంటనే ఉమ్మేశాడు. బావి చప్టా మీద కూలబడ్డాడు.

"వచ్చేసింది… సీతా, నా వెంట వచ్చేసింది."

బావి నాలుగేళ్ళుగా ఉప్పేనని వదిన ఆయనకి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఇప్పుడూ ఆ మాటే నోటిదాకా వచ్చిందట. కానీ గుమ్మంలో తమ్ముడు సూట్‌కేసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ వాడి మొహం చూసింది. వాడు పైకప్పు చూశాడు. ఆవిడ ఆ మాట మింగేసింది.

"అవునండీ," అంది. "వచ్చేసింది."

గిరిధర్ సూట్‌కేసు పెట్టడానికి లోపలికి వెళ్ళాక ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని, వాడికి కూడా చెప్పని మాట చెప్పాడు. గోడ వెనక గొంతు వినపడిందట. ఆడగొంతు. తెలుగులో.

"ఒక్క బిందె, బాబూ… అంది సీతా."

వదినకి అర్థం కాలేదు. అయినా అందిన అవకాశం వదలకుండా, ఆ వచ్చింది ఇప్పటికి మన బావితో ఆగింది, దైవాధీనం బావి జోలికి వెళ్తే ఊరుకోదు అని గట్టిగా చెప్పింది. వారం తిరక్కుండా దిబ్బ కింద కౌలు వదిలేసుకున్నాడు. గుమ్మానికి గుమ్మడికాయ కట్టించాడు, బావి చుట్టూ నిమ్మకాయలు కోయించాడు. పెళ్ళాం ఏడిస్తే వినలేదు, ఊరు మొత్తుకుంటే వినలేదు, ఎప్పుడో చచ్చిన జర్మనీ దొర చెబితే విన్నాడు. అదీ ఆయన తెలివి.

వదిన ఇదంతా దైవాధీనం బావి దగ్గరే చెప్పి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ఒక్క బిందె మాట దగ్గర మాత్రం నాకు నవ్వు రాలేదు. నీళ్ళు మోసుకుని వచ్చేశాను.

నాలుగైదేళ్ళకి గిరిధర్ మళ్ళీ సెలవు మీద వచ్చాడు. అప్పటికి తెగులొచ్చి రొయ్యలు పోయాయి, గోవర్ధనరావు చెరువులు అలాగే వదిలేసి ఊళ్ళో దెయ్యం కబుర్లు చెప్పుకుంటూ తిరుగుతున్నాడు. గిరిధర్ దిబ్బ మీదకి వచ్చి దైవాధీనం బావిలో నీళ్ళు నాచేత తోడించుకుని తాగాడు. తియ్యగా ఉన్నాయక్కా, అన్నాడు. ఇంతకీ ఆ ముసలావిడ నిజంగా అదంతా చెప్పిందా అని అడిగాను.

వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"కోట మరమ్మతులో ఉంది, పైకి వెళ్ళద్దంది. ఇక్కడ ఐదింటికి గేటు మూస్తాం, చెక్కలు తడిగా ఉన్నాయి, జారతారు అంది. అంతే అక్కా. ఆ గోడకి చెడ్డపేరేం లేదు. ఊపిరి ఆడనివాళ్ళు మంచి గాలి కోసం రోజూ దాని పక్కనే నడుస్తారు. మా అక్క ఫోన్లో ఏడ్చిన ఏడుపు వినలేక దొరనీ, ఉప్పునీళ్ళనీ అక్కడికక్కడ అల్లేశాను."

ఎన్నాళ్ళకో నా గుండె తేలికపడింది. గేటు దగ్గరి మాట పిన్నే ఎవరితోనో చెప్పుకుని ఉంటుంది, అది వీడి చెవిన పడి ఉంటుంది అనుకున్నాను. అయితే ఆ గొంతు కూడా నువ్వేనన్నమాట, బాగానే మార్చావు అన్నాను.

"ఏ గొంతు?"

"గోడ వెనక ఆడగొంతు. ఒక్క బిందె, బాబూ… అన్నది."

వాడి నవ్వు ఆగింది. చేతిలో చెంబు పక్కన పెట్టాడు.

"నేను ఆయన పక్కనే ఉన్నాను. నా కథలో ఆడమనిషే లేదక్కా."

ఆయన మనసే ఆయనకి అలా వినిపించిందేమో అన్నాడు గిరిధర్ చివరికి. చదువుకున్నవాడు, అలాగే అంటాడు. గోవర్ధనరావుకి మనసుందని ఒప్పుకోవడం నా వల్ల కాదు. మంగతాయారు పిన్ని ఖాళీ బిందె చంకన పెట్టుకుని అంతదూరం నడిచి వెళ్ళిందంటే మాత్రం నమ్ముతాను.