గడ్డకట్టని నూనె

హత్య జరిగింది. హతురాలు ఒక కోడి.

"నవ్వకు," అన్నాడు బాస్, ఫోటో టేబుల్ మీద పడేస్తూ. "తాగే నీళ్లలో ఎవరో విషం కలిపారు. ఇది వాళ్ల రిహార్సల్."

ఏజెంట్ గద్ద నవ్వలేదు. సిగ్గుపడ్డాడు. కదిలే రైలు మీంచి దూకినవాడు, రాయబారి జేబులోంచి మైక్రోఫిల్మ్ లాగినవాడు చివరికి కోళ్ల కేసుకి దిగాడు.

"మిషన్?"

"ఈగ పురుగుల నుంచి కొవ్వు తీసి కోళ్ల దాణాలో కలిపే ప్లాంట్. కోడికి శక్తి కావాలంటే దాణాలో కొవ్వు పడాలి. ఇన్నాళ్లూ అందుకు కావలసిన నూనె ఒక విదేశీ సిండికేట్ దగ్గర కొంటున్నాం. పురుగు కొవ్వు గెలిస్తే వాళ్ల దుకాణం బంద్. వచ్చే వారం డెమో. రైతుల కళ్లముందు కోళ్లు చచ్చాయంటే ఆ కొవ్వుని ఇక ఎవడూ ముట్టుకోడు."

"లోపల మనవాళ్లు?"

"క్వాలిటీ ఆఫీసర్. కోడ్ నేమ్ నెమలి. ఆమె 'చలి ముందే వచ్చింది' అంటుంది. నువ్వు 'దుప్పటి తడిసింది' అనాలి. నువ్వు బాయిలర్ ఆపరేటర్‌వి. మీసం మర్చిపోకు."

బాయిలర్ పని గద్ద అనుకున్నంత తేలిక కాదు. చలికాలం కావడంతో డ్రమ్ముల్లో కొవ్వు తెల్లగా గడ్డకట్టేది. ఆవిరి పెట్టి కరిగిస్తేనే స్ప్రేయర్‌లోకి వెళ్లి, బెల్టు మీద కదిలే దాణా గుళికల మీద పడేది. మొదటి రోజే వేళ్లు కాల్చుకున్నాడు. పురుగుల షెడ్డు చూసే ఆవిడ పరుగున వచ్చి మందు రాసింది. ఆవిడని అందరూ పురుగులక్క అనేవారు.

"మెల్లగా తమ్ముడూ, బాయిలర్ ఎక్కడికీ పారిపోదు," అని నవ్వింది.

నెమలి అలా నవ్వేది కాదు. ఆమె నవ్వితే గద్దకి ట్రెయినింగ్ మొత్తం మర్చిపోయినట్టయ్యేది. స్టోర్ రూమ్ వెనక కోడ్ మాటలు కలిశాక, ఆమె గొంతు తగ్గించింది.

"పురుగులక్క. రోజూ సంచిలో ఏదో బయటికి వెళ్తోంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు అంటారు. మీరు పట్టగలరు."

ఆ చివరి మాట చాలు. మర్నాడు షిఫ్టు దిగే వేళ, గేటు దగ్గర అందరూ చూస్తుండగా, గద్ద ఆవిడ సంచి తిరగేశాడు. అన్నం గిన్నె పడింది, దువ్వెన పడింది, చిన్న సీసా పడింది. సీసాలో పురుగు కొవ్వు.

"డ్రమ్ము అడుగున గీకి పారేసేదే. ఇంట్లో నాలుగు కోళ్లున్నాయి," అందామె. ఆవిడ కూతురు, గుళికల సెక్షన్‌లో పనిచేసే పిల్ల, గుంపులోంచి చూస్తూ ఉంది. "అడిగితే నేనే చెప్పేదాన్ని కదా. ఇంతమందిలో సంచి తిరగెయ్యాలా, అయ్యా?"

తమ్ముడు అయ్య అయిపోయాడు. గద్ద చెవులు వేడెక్కాయి. సాక్ష్యం కదా అని సీసాని బాయిలర్ గది అరలో పెట్టుకున్నాడు. ఆవిడని పనిలోంచి ఆపేశారు. ఆ సాయంత్రం నెమలి కాఫీ ఇప్పించి, అతని మీసం చాలా సహజంగా ఉందని మెచ్చుకుని, డ్రమ్ములుండే స్టోర్ తాళంచెవి కాసేపు అడిగింది. ఇచ్చాడు.

డెమో రోజు పొద్దున చలి కొరికేస్తోంది. గద్ద రాత్రే స్టోర్‌లోంచి బాయిలర్ గదికి తెచ్చిపెట్టిన డ్రమ్ము మూత తీశాడు. నూనె గలగలమంది. హమ్మయ్య, కరిగించే పని తప్పింది అనుకుని వాల్వు తిప్పేశాడు. బయట రైతుల చప్పట్లు వినబడుతున్నాయి. చేతులు తుడుచుకుందామని గుడ్డ కోసం అర వైపు తిరిగాడు.

పురుగులక్క సీసా. అందులో కొవ్వు రాయిలా గడ్డకట్టి ఉంది.

అదే చలి. అదే గది. మరి డ్రమ్ములో ఉన్నదేమిటి?

ఒక్క క్షణంలో అతనికి అంతా అర్థమైంది. గడ్డకట్టిన కొవ్వులో విషం కలవదు. అందుకని డ్రమ్మునే మార్చారు. మార్చినవాళ్లు తాము అమ్మే నూనెనే విషం కలిపి పోశారు. అది ఎంత చలికీ గడ్డకట్టదు. తాళంచెవి ఇచ్చింది తనే. వాల్వు తిప్పిందీ తనే.

ఎమర్జెన్సీ స్టాప్ మీద గుద్దాడు. బెల్టు ఆగింది. కానీ దాణా మొదటి పళ్లెం అప్పటికే బయటికి వెళ్లిపోయింది. ముఖ్య అతిథి గుప్పెడు దాణా తీసి చెయ్యి చాచాడు. కంచె అవతల కోళ్లు మెడలు సాచాయి. గద్ద పరుగున వచ్చి, ఎగిరి ఆయన చేతి మీద పడ్డాడు. దాణా, అతిథి, గద్ద కంచెకి ఇవతలే కుప్పగా కూలారు. మీసం మాత్రం ఊడి అవతల పడింది. ఒక కోడి దాన్ని ముక్కున కరుచుకుని పరుగెత్తింది.

నెమలి కారు తలుపు తీస్తుండగా గద్ద సంకెళ్లతో అడ్డం నిలిచాడు.

"నన్నెందుకు అనుమానించలేదు?" అంది ఆమె, సంకెళ్ల వైపు చూస్తూ.

"నువ్వు నన్ను పొగిడావు. ఆవిడ పొగడలేదు."

చెప్తున్నప్పుడు అతనికి తల కొట్టేసినట్టయింది.

బాస్ ఫోన్‌లో అభినందించాడు. గద్ద సగంలోనే పెట్టేశాడు. కబురు చేసి పురుగులక్కని పిలిపించి, షిఫ్టు దిగే వేళకి అదే గేటు దగ్గర, అదే గుంపు ముందు నిలబడ్డాడు.

"తప్పు నాది. ఆవిడ సీసానే ఇవాళ కోళ్లని కాపాడింది," అన్నాడు సీసా ఎత్తి చూపిస్తూ. తన సంచి తీసి అందరి ముందూ తిరగేశాడు. పెన్ను కెమెరా పడింది, స్పేర్ మీసం పడింది, నెమలి ఇచ్చిన సెంటు రుమాలు పడింది. వాచ్‌మన్ పగలబడి నవ్వాడు. భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది గద్దకి.

పురుగులక్క నవ్వలేదు. వంగి, ఒక్కొక్కటే ఏరి అతని సంచిలో వేసింది. రుమాలు మాత్రం వాచ్‌మన్ చేతికిచ్చి పారెయ్యమంది. తన సీసా తను తీసుకుంది.

"అసలు పేరేంటి?"

"చెప్పకూడదు. డిపార్ట్‌మెంట్‌లో గద్ద అంటారు."

ఆవిడ అతన్ని కింద నుంచి పైదాకా చూసింది.

"కోళ్లకి కాపలాగా గద్దని పంపిన మహానుభావుడెవరో గానీ," అంది, "ఈసారి ఆయన సంచి కూడా ఓసారి చూడు తమ్ముడూ."