తల పైకి

పొద్దున్నే హాల్లో బంతి చప్పుడు మొదలైందంటే ఆ ఇంట్లో ఇక ఎవరికీ నిద్ర లేనట్టే.

"నా నెత్తిమీద కొట్టినట్టుందే పిట్టా! కాసేపు దాన్ని పడుకోనివ్వవే," అంది నాయనమ్మ.

"బంతికి నిద్ర రావట్లేదట నాయనమ్మా!"

పిట్టకు తొమ్మిదేళ్ళు. వాళ్ళమ్మ బాస్కెట్‌బాల్ కోచ్. వీధి చివరి మైదానంలో చిన్నపిల్లలకు, బంతిని చేత్తో నేలకు కొడుతూ అదుపులో ఉంచుకోవడం నేర్పుతుంది. అరచెయ్యి ఆనకూడదు, వేళ్ళే తగలాలి. బంతి నడుము దాటి లేవకూడదు. అన్నిటికంటే ముఖ్యం, బంతివైపు చూడకూడదు. "తల పైకి!" అని అరిచి అరిచి ఆవిడ గొంతు బొంగురుపోయింది. ఇంట్లోవాళ్ళను అన్నానికి పిలిచినా అదే గొంతు.

ఎంత మొత్తుకున్నా పిల్లల చూపు కిందికే పోతుంది. పిట్ట ఒక్కతే తల దించదు. "నా కూతురికి పుట్టుకతోనే వచ్చింది," అని తల్లి వీధి వీధంతా టముకు వేసింది.

ఆ పొద్దున పిట్ట చెయ్యి తగిలి పాలగ్లాసు దొర్లిపోయింది.

"మళ్ళీనా? ధ్యాస ఎక్కడ పెట్టావే?" కసిరింది తల్లి.

"దానికి కళ్ళు సరిగ్గా ఆనట్లేదేమోనమ్మా," నాయనమ్మ నసిగింది. "నిన్న గుమ్మానికి కొట్టుకుంది. మొన్న నా చెప్పులేసుకుని బయల్దేరింది. ఒకసారి డాక్టరుకి చూపిస్తే..."

"కనపడని పిల్ల అలా ఆడుతుందా అత్తయ్యా? ఉత్త పరధ్యానం. అంతా మీ అబ్బాయి పోలిక!"

ఆ అబ్బాయిగారు, బస్సు డ్రైవరు, యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ నవ్వి ఊరుకున్నాడు.

సాయంత్రం మైదానానికి కొత్త పిల్లల తల్లిదండ్రులు వచ్చారు. పిల్లలు బంతి కొడుతుంటే కోచ్ ఎదురుగా నిలబడి వేళ్ళు చూపిస్తుంది, ఎన్నో వాళ్ళు అరిచి చెప్పాలి. రోజూ గుంపుతో కలిసి అరిచే పిట్టను, ఆ రోజు గొప్ప చూపించుకోవాలని ఒంటరిగా ముందుకు పిలిచింది.

బంతి ఆ చేతికింద బుద్ధిగా లేచి పడుతోంది. తల్లి రెండు వేళ్ళు ఎత్తింది. పిట్ట పలకలేదు.

"చెప్పవే, ఎన్ని?"

"చెయ్యెత్తావా అమ్మా?"

పిల్ల చమత్కారమనుకుని పెద్దవాళ్ళు నవ్వారు. తల్లి మాత్రం దగ్గరికొచ్చి ఆ వేళ్ళను పిట్ట కళ్ళముందు ఆడించి చూసింది.

మర్నాడు కంటి డాక్టరు చాలాసేపు పరీక్ష చేశాడు. కంటి వెనక పొర ఎప్పటినుంచో దెబ్బతింటోందన్నాడు. పోయిన చూపు రాదు. మిగిలిందీ పోతుంది. ముందే తెచ్చి ఉంటే కొంతకాలం నిలిపేవాళ్ళమేమో అన్నాడు.

ఇంటికి రాగానే డ్రైవరు భార్యమీద విరుచుకుపడ్డాడు. "అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది, విన్నావా? ఊళ్ళో పిల్లల తలలన్నీ చూస్తావు. కన్నకూతురి కళ్ళు చూడలేకపోయావు!"

ఆవిడ డాక్టరు చీటీని మడతమీద మడత పెడుతూ నిలబడింది.

"చాల్లేరా," అంది నాయనమ్మ. "నువ్వు మాత్రం ఈ ఇంట్లో లేవూ? నేనైనా గట్టిగా చెప్పానా? కోడలికి కోపమొస్తుందని నసిగి ఊరుకున్నాను."

తల్లి పిట్టను దగ్గరికి లాక్కుంది. "ఎందుకు చెప్పలేదే నాకు? బడిలో బోర్డు ఎలా చదివావే?"

"పక్కమ్మాయి చదివి పెడుతుంది." పిట్ట కాసేపు గోళ్ళు గిల్లుకుంది. "బంతిని చూడకుండా ఆడితే నువ్వు ముద్దు పెట్టుకుంటావు కదమ్మా. చెబితే మానేస్తావనుకున్నా."

తల్లి కుప్పకూలిపోయి ఏడ్చింది. ఆ ఏడుపుకి డ్రైవరు కోపం ఎటు పోయిందో, వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

తెల్లారింది. హాల్లో చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం భరించలేక నాయనమ్మే లేచి, మంచం కింది నుంచి బంతి తీసి మనవరాలి చేతికిచ్చింది.

"కొట్టవే తల్లీ. నా నెత్తిమీదే కొట్టు."

బంతి లేచింది, పడింది. వంటింట్లోంచి వచ్చిన తల్లి అలవాటుగా ఎదురుగా నిలబడి వేళ్ళెత్తింది. అంతలోనే గుర్తొచ్చి దించేసింది. దగ్గరికి వెళ్ళి, ఖాళీగా ఉన్న ఆ ఎడమ అరచేతిలో తన వేళ్ళు ఉంచింది.

పిట్ట బంతి ఆపకుండానే తడిమి చూసింది.

"రెండు," అంది.