తేడా లేని గీతలు

"ఈ రోజు కొత్త విమానం రెక్కలోకి రెజిన్ జిగురు ఎక్కిస్తున్నారు. విదేశీ ముఠా దాన్ని చెడగొట్టబోతోంది. ఆపాలి," అన్నాడు చీఫ్.

"లోపల మన మనిషెవరు?"

"మీ వదిన."

ఏజెంట్ ఊపిరి పీల్చుకున్నాడు. రెక్క విరిగి అన్న విమానం కూలాక అతనికి మిగిలిన కుటుంబం ఆవిడ ఒక్కతే.

వాల్వ్ ఆపరేటర్ వేషంలో ఫ్యాక్టరీలో అడుగుపెట్టాడు. గాజు మూత కింద, అచ్చులో కార్బన్ గుడ్డ పొరలు పరిచి ఉన్నాయి. రెజిన్ ఇంకి గట్టిపడితే అదే రెక్క. అరచేతిమేర గుడ్డ తడవకపోయినా ఆకాశంలో విరుగుతుంది.

రెజిన్ ఎటు పారాలో లెక్కగట్టే కంప్యూటర్ దగ్గర వదిన. పట్టు స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలు.

"గుడ్డ ఎలా ఉంది?" కోడ్ వాక్యం.

"దాహంగా ఉంది, మరిదిగారూ," నవ్విందామె. "మీసం భేషుగ్గా ఉంది. ఊడకుండా చూసుకోండి!"

స్క్రీన్ మీద, గుడ్డ ముక్కల్లోకి రెజిన్ ఇంకే వేగం కొలిచిన పన్నెండు పరీక్షల ఫలితాలు. పన్నెండు గీతలూ అతుక్కుపోయి ఒకే గీతలా ఉన్నాయి.

ఏజెంట్ భృకుటి ముడిపడింది. ఈ వేషం కోసమే అతడు వారం పాటు గుడ్డ కత్తిరించాడు. ఒకే చుట్టలోని రెండు ముక్కల్లో ఒకటి బిగుతు, ఒకటి వదులు. ఆ తేడాలను లెక్కగట్టడమే ఆమె కంప్యూటర్ మోడల్ పని. ప్రకృతికి కాపీ కొట్టే అలవాటు లేదు. తేడాయే లేదంటే, పరీక్షే జరగలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. అన్న చివరి మాటలను వదిన ఎన్నిసార్లు చెప్పినా ఒక్క పదం అటూ ఇటూ కాలేదు. వెక్కే చోటు కూడా మారలేదు. ప్రతిసారీ ఆమెను ఓదార్చింది తనే.

"అన్న రెక్క కూడా మీ లెక్కేనా, వదినా?"

ఆమె బటన్ నొక్కింది. పంపు మొదలైంది. ఆమె లెక్క ప్రకారం అమర్చిన గొట్టాల నుంచి రెజిన్ అంచు సందులోకి పరుగెత్తింది. నడుమ గుడ్డ పొడిగానే ఉంది. ఏజెంట్ వాల్వ్ మీద చెయ్యి వేశాడు.

ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల తుపాకీ గొట్టం.

"వాల్వ్ మీంచి చెయ్యి తియ్యి. మీ అన్న కూడా నీలాగే ఆలస్యంగా కనిపెట్టాడు."

అతడు రెండో చేత్తో గాలిగొట్టం మీట నొక్కాడు. పట్టు స్కార్ఫ్ ఎగిరి ఆమె ముఖాన్ని కప్పేసింది. గుండు గోడలో దిగింది. మీసంలోని మైక్రోఫోన్‌లో అంతా విన్న గార్డులు లోపలికి దూకారు.

ఏజెంట్ అంచు వాల్వ్ బిగించి, అత్యవసరానికి ఉంచిన నడిమి గొట్టం తెరిచాడు. రెజిన్ చిక్కబడుతోంది. ఆఖరి పొడి మచ్చ కుంచించుకుని, కుంచించుకుని, సరిగ్గా గట్టిపడే ముందు మాయమైంది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "మీ వదిన వాంగ్మూలం మూడుసార్లు మార్చిందయ్యా. ఒకదానికొకటి పొంతనే లేదు!"

ఏజెంట్ మీసం ఊడదీసి బల్ల మీద పెట్టాడు.

"రాసుకుంటూ ఉండమనండి, సార్. ఇప్పుడే నిజం మొదలుపెట్టినట్టుంది."